మిగిలిపోయిన రెండు బంతులు

ఆ రెండు ఊళ్ళ మధ్య ఒక కాలువ ఉంది, ఒక పంతం ఉంది. కాలువైనా ఎండల్లో ఎండుతుంది గాని పంతం ఎండదు. ఏటా ఆటల కాలం ముగిసే ఆదివారం ఈ ఒడ్డు జట్టూ ఆ ఒడ్డు జట్టూ క్రికెట్‌లో తలపడాల్సిందే. ఆ ఆటకి ఒక మొండి నియమం ఉంది. ఏ కారణం చేతనైనా ఆట మధ్యలో ఆగితే, మరుసటి ఏడు సరిగ్గా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాలి. అదే బౌలరు, అదే బ్యాట్స్‌మన్, అవే పరుగులు. వానకి ఆగినా అంతే, మనిషి పడి ఆగినా అంతే. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గాని, అతనికి బామ్మర్దులు ఉండి ఉండరు.

పోయినేడు ఆగింది మనిషి పడే. బంతి వేసినవాడు ఈ ఒడ్డు వడ్రంగి. పడినవాడు ఆ ఒడ్డున ఇళ్ళకి రంగులేసే మనిషి, వడ్రంగికి స్వయానా అక్క మొగుడు. బంతి ఎడమ చెవి పైన తగిలింది. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. ఆ మూడు రోజులూ వడ్రంగి ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, "బావా, వినబడుతోందా? బావా, వినబడుతోందా?" అని అడుగుతూనే ఉన్నాడు. నాలుగోనాడు బావ లేచాడు గాని ఎడమ చెవికి మాత్రం మళ్ళీ ఏమీ వినబడలేదు.

ఇంకా రెండు బంతులు మిగిలాయి. ఆ ఒడ్డు గెలవాలంటే మూడు పరుగులు కావాలి.

ఏడాదిగా వడ్రంగి అక్క గుమ్మం తొక్కలేదు. పెరటి తలుపు ఊగిసలాడుతోంది, వచ్చి బిగించి పొమ్మని అక్క రెండుసార్లు కబురు పెడితే పని ఎక్కువగా ఉందన్నాడు. పనీ లేదు పాడూ లేదు, మొహం చెల్లలేదు, అంతే. ఈ ఏడు బంతే ముట్టనని జట్టుతో తెగేసి చెప్పాడు కూడా. ఆ సాయంత్రమే కాలువ అవతలి నుంచి బావ మాట వచ్చింది. "నేను వస్తున్నాను. వాణ్ణి రమ్మనండి."

ఆ వారం వడ్రంగికి చేతులు చేతుల్లో లేవు. ఇరవై ఏళ్ళ పనిలో మొదటిసారి ఒక తలుపు రెక్కని అంగుళం పొట్టిగా కోశాడు. చిత్రిక పడుతుంటే లేచే ప్రతి చప్పుడూ చెవి పైన బంతి తగిలిన చప్పుడులాగే ఉంది. అక్క జీవితం తన కుడిచేతిలో ఉందని తలుచుకుని చిత్రిక పక్కన పెట్టేసేవాడు.

ఉన్న ధైర్యమల్లా ఒక్కటే, హెల్మెట్. ఆ ప్రమాదం తరవాత రెండు ఊళ్ళూ కలిసి ఒకటి కొన్నాయి. రెండు ఊళ్ళకీ అదొక్కటే, బావ ఇంట్లో ఉంటుంది. అది ఉంది కదా అనుకుంటూనే వడ్రంగి ఆదివారం మైదానానికి వచ్చాడు.

బావ ఉత్తి గుడ్డ టోపీతో వచ్చాడు.

"హెల్మెట్ ఏది బావా?" అన్నాడు వడ్రంగి.

"వెతికాను, కనబళ్ళేదు. పోతే పోనీ. పోయినేడు అది పెట్టుకునే ఆడానా?"

అలా ఆడకే కదా ఈ గతి పట్టింది అని ఆ మనిషికి ఎవరు చెప్పాలి? పైన మబ్బు కమ్ముకొస్తోంది. అంపైరుగా నిలబడ్డ పోస్ట్‌మాన్ తలెత్తి ఆకాశాన్నీ, తల దించి గడియారాన్నీ చూసుకుంటున్నాడు. అప్పుడే మైదానం అంచున నిలబడి అక్క చెయ్యి ఊపింది. వడ్రంగి పరుగున వెళ్ళాడు. ఏడాది తరవాత అక్క ఎదటపడటం అదే.

"నేనే దాచానురా," అంది అక్క గొంతు తగ్గించి. "ట్రంకుపెట్టెలో, దుప్పట్ల అడుగున. అది లేకపోతే ఆడనివ్వరనుకున్నా. ఈ మొండిమనిషి ఉత్తి తలతో వచ్చేశాడు."

"అయితే ఆ మాట అందరికీ చెప్పు అక్కా, ఆపేద్దాం."

"పెళ్ళాం దాచిందని తెలిస్తే ఆయన తలెత్తుకోగలడా? ఇప్పటికే ఆయన నిచ్చెనెక్కితే కింద నేను పట్టుకుంటున్నానని నవ్వుతున్నారు. నేను పరిగెత్తుకెళ్ళి తెస్తా, దొరికిందని చెప్తా. నేనొచ్చేదాకా నువ్వు బంతి వెయ్యకు. ఒరేయ్, నీకు దణ్ణం పెడతానురా."

అంటూనే పరుగు తీసింది. వంతెన దాటి ఇంటికెళ్ళి రావడానికి అరగంటైనా పడుతుంది. చేతులు కాలాక ఆకుల కోసం పరిగెత్తడమంటే ఇదే గాని, ఆమెని అని ఏం లాభం, భయం పుడితే బుద్ధి పనిచేస్తుందా?

వడ్రంగి బూటు తాడు విప్పి కట్టాడు. రెండో బూటుదీ విప్పి కట్టాడు. అడుగులు కొలుచుకున్నాడు, తప్పిందని మళ్ళీ కొలిచాడు. ఫీల్డర్లని అటూ ఇటూ తిప్పాడు. బంతిని చొక్కాకి రుద్ది, చూసి, మళ్ళీ రుద్దాడు.

"ఏమయ్యా, బంతి వేస్తావా, దానికి చిత్రిక పడతావా?" అని అరిచాడు పోస్ట్‌మాన్. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే మొదటి చినుకు వడ్రంగి ముంజేతి మీద పడింది. వాన ముంచుకొస్తే ఈ రెండు బంతులూ ఇంకో ఏడాదికి పోతాయి. పోతే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది.

ఇక తప్పక పరిగెత్తాడు. చెయ్యి తిరిగింది గాని గుండె తిరగలేదు. బంతి బావకి రెండు బారల దూరంగా పోయింది. వైడ్. ఒక పరుగు ఊరికే వచ్చింది, రెండు బంతులూ అలాగే ఉన్నాయి.

బావ బ్యాటు చంకలో పెట్టుకుని నడిచొచ్చాడు. వచ్చి కుడి చెవి ఇటు తిప్పి నిలబడ్డాడు.

"కావాలనే వేశావు."

"లేదు బావా, చెయ్యి జారింది."

"అబద్ధాలు వినడానికి ఈ ఒక్క చెవి చాలులేరా." బావ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది. "ఏడాదైంది నన్ను మేడ పనికి ఎవరూ పిలిచి. కళ్ళు తిరిగి పడిపోతానట. మీ అక్క నిచ్చెన పట్టుకుంటుంది, నువ్వేమో బంతి పక్కకేస్తావు. అందరూ కలిసి బతికుండగానే నన్ను మూల కూర్చోబెడుతున్నారు. తిన్నగా వెయ్యి."

"తగిల్తే?"

"తగిల్తే తగుల్తుంది. ఇంకో ఏడాది ఈ రెండు బంతుల్నీ నేను మోయలేనురా."

నేనూ మోయలేను బావా అనబోయాడు వడ్రంగి. అనకుండానే వెనక్కి తిరిగి తన గుర్తు దగ్గరికి నడిచాడు.

ఈసారి తిన్నగానే వేశాడు. తడి నేల మీద పడ్డ బంతి ఎవరూ అనుకోనంతగా లేచింది. సరిగ్గా పోయినేడు లేచినంతే, సరిగ్గా అటే. వడ్రంగి పై ప్రాణాలు పైనే పోయాయి. బావ తల వెనక్కి లాగాడు. టోపీ ఎగిరి అవతల పడింది. మైదానం మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది.

బావ వంగి టోపీ తీసుకుని, మోకాలికేసి దులిపి పెట్టుకున్నాడు. పెట్టుకుంటున్న వేళ్ళు వణుకుతున్నాయి. అంతమందిలో అది చూసింది వడ్రంగి ఒక్కడే. ఇన్నాళ్ళూ భయం తనొక్కడిదే అనుకున్నాడు. ఈ మనిషి అంత భయాన్నీ కడుపులో పెట్టుకుని, ఉత్తి తలతో, తన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

దూరంగా వంతెన మీద అక్క కనిపించింది. ఏదో నల్లటిది పొట్టకి కరుచుకుని పరిగెత్తుకొస్తోంది. ఇంకా సగం దారి ఉంది. చినుకులు చిక్కబడ్డాయి.

"ఒక్క బంతి!" అన్నాడు పోస్ట్‌మాన్. "వేస్తావా, వికెట్లు పీకెయ్యమంటావా?"

బావ బ్యాటుతో నేల మీద రెండుసార్లు కొట్టాడు. వడ్రంగి పరిగెత్తాడు.

బంతి వేసినవాడు బంతిని చూడాలి. వడ్రంగి బావ తలని చూస్తున్నాడు. చెయ్యి వదిలిన దగ్గర్నుంచీ ఆ తలనే చూస్తున్నాడు, అది కదిలిందా లేదా, నిలబడి ఉందా లేదా అని. అది నిలబడే ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. బావ కొట్టిన బంతి తిన్నగా తన మీదికే వస్తోందని తెలిసేసరికి అది నుదుటి పక్కన తగలనే తగిలింది.

తరవాత తడిమట్టి వాసన, చెవిలో సన్నగా ఒక ఈల. ఎవరివో కాళ్ళు.

బావ బ్యాటు విసిరేసి పిచ్ పొడుగునా పరిగెత్తుకొచ్చాడు. పరుగు కోసమే వస్తున్నాడనుకుని అవతలి చివరి బ్యాట్స్‌మన్ ఇవతలికి పరిగెత్తాడు. లెక్క రాసే మాస్టారు దాన్ని ఒక పరుగు కింద రాసి, ఆట సమమని తేల్చి, ఆ రోజుతో పుస్తకం మూసేశారు. అది బావకి మర్నాటిదాకా తెలియదు. అతను బురదలో మోకాళ్ళ మీద కూర్చుని బామ్మర్ది తలని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ! వినబడుతోందా?"

"వినబడుతోంది బావా," అన్నాడు వడ్రంగి. సన్నటి గొంతు. అతని వైపున్నది బావ ఎడమ చెవి.

"వినబడుతోందా? ఒరేయ్, పలకరా!"

"వినబడుతోంది."

"పలకడేంటి, వీడు పలకడేంటి!" అంటూ బావ అందరి మొహాలూ చూస్తూ గోలుగోలున ఏడ్చాడు.

వడ్రంగి చెయ్యెత్తాడు. ఏడాదిపాటు ఏ చేతిని తలుచుకుని వణికాడో ఆ చేత్తోనే బావ గడ్డం పట్టుకుని, మొహం అటు తిప్పి, కుడి చెవి తన వైపు పెట్టుకున్నాడు.

"వినబడుతోంది బావా."

బావ ఆ తలని ఇంకా గట్టిగా పొదువుకుని, దాని మీదికి తన తల వాల్చాడు. అప్పటికి అక్క వచ్చిపడింది, మోకాళ్ళదాకా బురద, రొప్పుతూ. హెల్మెట్ రెండు చేతులతో పట్టుకుని ఒక తలనీ చూసింది, రెండో తలనీ చూసింది.

"ఇప్పుడిది ఎవరికి పెట్టనురా?" అని వానలో వాళ్ళ పక్కనే కూలబడింది.