టేపు దాటిన గుండీలు

ఆరేళ్లుగా మా దర్జీ షాపులో బావ కిటికీ పక్క మిషను మీద కుడుతున్నాడు, నేను మూల మిషను మీద కుడుతూ ఏడుస్తున్నాను. నల్లకోటు మీద నల్లదారం ఆ మూలన ఎవరికి కనబడుతుంది? నలభై దాటిన నా కళ్లకి అసలు కనబడదు. ఆ మాట పైకి అంటే ముసలమ్మనంటాడని నోరు కుట్టేసుకున్నాను. పోయినవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పేక తీశాడు. అదను చూసి, "ఇవాళ గెలిచినవాళ్లదే కిటికీ" అన్నాను.

"సరే మరదలా, ఓడిపోవడం నీకు అలవాటేగా" అన్నాడు. ఒళ్లు మండింది.

మాది గుండీల పోకర్. రెండు కన్నాల గుండీ ఒకటి కింద లెక్క, నాలుగు కన్నాలది పది. అన్నీ కోటు గుండీలే, నల్లవి, ఒకే సైజు. ఒక్కొక్కరికి వెయ్యికి సరిపడా మా అక్క ఒకట్లు ఒక కుప్ప, పదులు ఒక కుప్పగా పోసింది. పంచేదీ అక్కే. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద ఇద్దరికీ కలిపి ఐదు. ఒకరు ఎన్ని గుండీలు పెడితే రెండోవాళ్లూ అన్ని పెట్టాలి, లేదా ముక్కలు పడేసి ఆ ఆట వదులుకోవాలి. బల్లకి అడ్డంగా కొలతల టేపు పరిచి ఉంటుంది. దాన్ని దాటించిన గుండీ వెనక్కి రాదు. కత్తెర ఎవరి ముందుంటే వాళ్లు చివర మాట్లాడతారు, ఆట ఆటకీ కత్తెర మారుతుంది. మూడింటికి షాపు తెరిచేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లది గెలుపు.

ఒకే రకం ముక్కలు ఐదు కలిస్తే దాదాపు గెలిచినట్టే. నా జబ్బేమిటంటే, నాలుగు కనబడితే చాలు, ఐదోది వచ్చి తీరుతుందనుకుంటాను. కత్తెర నా ముందుంటే ఫరవాలేదు, బావ ఏం చేశాడో చూసి అడుగేస్తాను. అవతలుంటే నేనే ముందు నోరు విప్పాలి. ఊరుకున్నానా, బావ గుట్టగా పెడతాడు, నేను ఆశ చావక వెంటపడతాను. గుండీలు కొన్నే ఉంటే పోయేవీ కొన్నే. వెయ్యి ఉంటే ఒక్క ఆటలో ఇల్లు గుల్లవుతుంది. "ముందు మాట్లాడాల్సొస్తే అలాంటి ముక్కలు పారెయ్యవే!" అని అక్క మొత్తుకుంటూనే ఉంటుంది. నేను వింటేగా!

రెండున్నరకి నాకు రెండు ఆఠీన్లు వచ్చాయి. కత్తెర బావ ముందుంది. బల్ల మీద మూడు ముక్కలు పడితే అందులోనూ రెండు ఆఠీన్లే. ఊరుకున్నాను. బావ డెబ్బై పెట్టాడు, నేనూ పెట్టాను. నాలుగో ముక్క ఇస్పేటు. దరిద్రం! కోపంతో బల్ల మీద ఒక్కటిచ్చాను. నా కుప్పలు రెండూ జారిపోతే, ఏది ఎటు పోయిందో చూడకుండా గబగబా దగ్గరికి లాక్కున్నాను.

మళ్లీ ఊరుకుంటే బావ రెండొందలు పెడతాడు. నేనే ముందు ముప్పై పెడితే అతనూ ముప్పైతో సరిపెట్టుకుంటాడు, చవగ్గా ఐదో ముక్క చూడొచ్చు. పదులెందుకని ఒకట్ల వైపు కుప్పలోంచి ముప్పై గుండీలు లెక్కపెట్టి టేపు దాటించాను.

బావ మొహం మాడిపోయింది. తన ముక్కలు చూసుకున్నాడు, నన్ను చూశాడు, గోడ గడియారం చూశాడు.

"ఎప్పుడూ నా వెనకాల నడిచేది ఇవాళ తనే ముందు మూడొందలు పెట్టిందంటే ఉత్తినే కాదు. ఇంకా అరగంట ఉందిలే" అని రాజుల జత వెల్లకిలా పడేశాడు.

మూడొందలా! నేను పెట్టినవాటిలోంచి ఒక గుండీ తీసి ట్యూబులైటు కింద పెట్టాను. కనబడి చస్తేనా! జాకెట్‌కి గుచ్చుకున్న సూది తీసి, మొనతో కన్నాలు తడిమాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అక్క కిసుక్కున నవ్వింది. "ఒసేయ్, ముప్పై అనుకున్నావు కదూ?"

బావ నా ముక్కలు లాక్కుని చూశాడు. "ఐదోది పడనే లేదా!" అని బల్ల గుద్ది నవ్వాడు. నేనూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఉన్నట్టుండి బావ నవ్వు ఆగిపోయింది. నా చేతిలో సూదినే చూస్తున్నాడు.

"కన్నాలు తడిమితే గానీ తెలీటం లేదా నీకు? మరి ఆ మూల నల్లకోట్లు ఎలా కుట్టావే ఇన్నాళ్లూ?"

"అలవాటు మీద."

"ఒక్క మాట అడిగుంటే ఇచ్చేవాణ్ణి కాదూ!"

"కిటికీ కావాలా అని నువ్వే అడుగుతావేమోనని చూశాను బావా. ముందు మాట్లాడితే ఓడిపోతానని."

బావ ఆట మధ్యలోనే లేచి, కిటికీ మిషను మీది తన కోటు తీసేశాడు. బల్ల మీది టేపు తెచ్చి కిటికీ ముందు నేల మీద పరిచాడు. మూలనున్న నా కుర్చీ ఎత్తి ఆ టేపు అవతల వేశాడు.

"దాటింది. ఇక వెనక్కి రాదు. కూర్చో."

కూర్చున్నాను. సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కింది.