నురుగు అణిగేదాకా

డీజిల్ బండి లీటరుకి ఇరవై తొమ్మిది కిలోమీటర్లు, హైబ్రిడ్ ఇరవై అయిదు. ఈ రెండంకెలూ పొద్దుటినుంచి ఆ అమ్మాయిని కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఓ మోటారు పత్రికలో చిన్న కార్ల మైలేజీ పరీక్షించి రాయడం ఆమె ఉద్యోగం. నాలుగింటికి పేజీ అచ్చుకి పోవాలి. గడియారం మూడు చూపిస్తోంది. సంపాదకుడేమో అట్ట మీద ‘హైబ్రిడ్‌కి చుక్కలు చూపించిన డీజిల్’ అని శీర్షిక కట్టేసి, కనపడ్డవాళ్ళందరికీ వినిపించి మురిసిపోతున్నాడు.

ఆమెకి మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. నిన్న దారి పొడుగునా డీజిల్ బండి డాష్‌బోర్డు తెర మీద మైలేజీ ఇరవై అయిదు దాటలేదు. బండి తనకి తాను వేసుకునే మార్కులు ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటాయి. అలాంటిది, బండి ఇరవై అయిదంటే లెక్క ఇరవై తొమ్మిది ఎలా తేలింది?

ఆ పత్రికవాళ్ళ పద్ధతి వేరు. టాంకు మూతి అంచుదాకా నింపుతారు, ఇద్దరు కూర్చుని రెండువందల కిలోమీటర్లు తిరిగొస్తారు, మళ్ళీ అదే అంచుదాకా నింపుతారు. రెండోసారి ఎంత పడితే బండి అంత తాగినట్టు. నడిపినవాళ్ళే నింపాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. మొన్న హైబ్రిడ్ ఆమె నడిపింది. ఎనిమిది లీటర్లు పట్టింది. నిన్న డీజిల్ బాబాయి నడిపాడు. ఆరు పాయింట్ ఎనిమిది. ఆయన నింపుతుంటే ఆమె టైర్లలో గాలి చూసే గొట్టం తేవడానికి వెళ్ళింది.

బాబాయంటే చుట్టరికం కాదు, ఆఫీసులో పెద్ద డ్రైవరు. ఈ పనిలో ఆమెకి ఓనమాలు దిద్దించింది ఆయనే. “డీజిల్ నురగలు కక్కుతుంది తల్లీ. పంపు గన్ టక్కుమని ఆగగానే నిండిందనుకోకు. నురుగు అణిగేదాకా ఆగు. ఆ తర్వాత డీజిల్ కంటికి కనపడేదాకా చుక్కచుక్కా పొయ్యి” అని మొదటిరోజే చెప్పాడు. ఈమధ్య రెండు నెలలుగా కొత్త పాఠం మొదలెట్టాడు. “పక్క సీట్లో కూర్చున్నా కళ్ళు రోడ్డు మీదుండాలి. ఆ బోర్డు చదువు. సిగ్నల్ ఏ రంగో చెప్పు.” ఆమె బుద్ధిగా చెప్పేది.

అలాంటి మనిషి నురుగు దగ్గర పొరబడతాడా? అనుకోవడానికే తప్పుగా ఉంది. కానీ తప్పుడు లెక్క అచ్చయితే, దాన్ని నమ్మి జనం బండ్లు కొంటారు. ఆమె తాళం తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. డీజిల్ బండి నిన్న బంకు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. బాబాయి దాని అద్దం తుడుస్తున్నాడు.

“ఎక్కడికి తల్లీ?”

“బంకుకి బాబాయ్. ఒక్కసారి అంచు చూసుకొద్దాం.”

ఆయన తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. తర్వాత గుడ్డ భుజాన వేసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

వీధి చివర సిగ్నల్ దాటితే బంకు. ఆమె మూత తీసి, గన్ పెట్టి, సన్నని ధారగా వదిలింది. అరలీటరు. నిండితే బాగుణ్ణని వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంది. లీటరు. ఒకటిన్నర దగ్గర డీజిల్ అంచుకొచ్చి తళుక్కుమంది.

నిన్నటి దానితో కలిపి ఎనిమిది పాయింట్ మూడు. అంటే లీటరుకి ఇరవై నాలుగు. గెలిచింది హైబ్రిడ్.

“నిన్న టక్కుమనగానే ఆపేశావా బాబాయ్?”

ఆయన భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “ఆగాను తల్లీ. నువ్వెళ్ళినంతసేపూ ఆగాను. నురుగు అణిగిందో లేదో...” అని, ఎండలో మెరుస్తున్న టాంకు మూతిలోకి వంగి చూశాడు. “ఇప్పుడు మాత్రం నాకేం కనపడుతోంది? నల్లగా ఉంది, అంతే.”

ఆమె గన్ తిరిగి పంపుకి తగిలించింది. ఫోను మోగింది. సంపాదకుడు.

“సార్, డీజిల్ అంకె తప్పు. ఇరవై నాలుగు. అట్ట మార్చాలి.”

“ఇప్పుడా! ఎవరిదమ్మా ఈ నిర్వాకం?”

ఆమె బాబాయి వంక చూసింది. కళ్ళ సంగతి బయటపడితే ఆయన ఉద్యోగం ఈ పూటతో సరి. “నాదే సార్, నేనే సరిగ్గా...”

బాబాయి ఫోను లాక్కున్నాడు. “అమ్మాయి మాట వినకండి సార్. సంతకం నాది. నాకు చూపు ఆనడం లేదు. రెండు నెలలైంది. చెబితే ఇంటికి పొమ్మంటారని నోరు మెదపలేదు.” అవతలి జవాబు కోసం చూడకుండా ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు.

రెండు నెలలు. నిన్న రెండువందల కిలోమీటర్లు. పక్కన తను. ఆమెకి కోపం వచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. ఏదీ పైకి రానివ్వకుండా టాంకు మూత బిగించింది.

ఆయన పక్క సీట్లో కూర్చుని, బెల్టు కొక్కెం దొరక్క తడుముకుంటున్నాడు. ఆమె వంగి తగిలించింది. బండి కదిలింది. వీధి చివరికి రాగానే అలవాటుగా ఆమె నోట్లోంచి మాట వచ్చేసింది.

“ఎర్ర సిగ్నల్ బాబాయ్.”

“ఊఁ” అన్నాడాయన. ఆయన కుడికాలు, బ్రేకు లేని చోట, నేలని గట్టిగా తొక్కి పట్టుకుంది.