వాడని ఆకు

నూరమ్మ రాతిపలక మీద ఎర్ర పొడిని కుప్పగా పోసి, మధ్యలో వేలితో గుంట చేసి, అందులో అవిసెనూనె చుక్క చుక్కగా వదిలింది. పొత్రాన్ని రెండు చేతులా పట్టుకుని సున్నాలు చుడుతూ నూరసాగింది. మొదట ఇసుక నలిగినట్టు కరకరమంది. కాసేపటికి చప్పుడు మెత్తబడింది. అప్పుడుగాని ఆమె గట్టిగా ఊపిరి తీసుకోలేదు. తీసుకోగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. రంగులో తుంపర పడకుండా మొహం పక్కకు తిప్పి, మోచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది.

ఆమె అసలు పేరు ఆ రంగుల కొట్లో ఎవరికీ గుర్తులేదు. పొద్దస్తమానం రంగులు నూరేది కాబట్టి నూరమ్మ. ఏ రోజు నూరిన రంగు ఆ రోజు గోళ్ల సందుల్లో కనిపించేది. పెళ్లీ పిల్లలూ లేరు. ఉన్న ఒక్క చెల్లెలూ పోయాక ఇంటికి వెళ్లడం కూడా పడుకోవడానికే.

కొట్టాయన మాటల పోగు. కొనడానికి వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి రంగుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఒక గోధుమరంగు ఉండేది, ఏనాడో గుడ్డల్లో చుట్టి దాచిన శవాల్ని పొడి కొట్టి చేసేవాళ్లు దాన్ని. ఆ సంగతి విన్న చిత్రకారుడొకడు కళ్లనీళ్లు పెట్టుకుని, తన దగ్గరున్న రంగు గొట్టాన్ని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాడు. “మనం శవాలు కూడా అరువివ్వం నూరమ్మా, రొక్కానికే!” అని కొట్టాయన పగలబడి నవ్వేవాడు.

ఆ పూట ఆయన పలక దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగి చూశాడు.

“ఇదేంటి, ఇంత నిగారింపు? మేడ మీది చిత్రకారుడు అడిగింది వేరెరుపు కదా?”

“వేరెరుపే అన్నా. ఇంకాస్త మెత్తగా నూరాను, అంతే.”

పచ్చి అబద్ధం. ఎరుపులు రెండు. ఒకటి మొక్క వేరులోంచి తీసేది, పూసినవాళ్లు పోయినా తాను పోదు. రెండోది పురుగుల ఎరుపు. ముళ్లమొక్కల్ని పట్టి బతికే చిన్న పురుగుల్ని ఏరి, ఎండబెట్టి, దంచి తీస్తారు. మనిషి మొహానికి దాన్ని మించిన రంగు లేదు, బుగ్గలో నెత్తురు పారుతున్నట్టే ఉంటుంది. కాకపోతే దానికి వెలుతురు గిట్టదు. ఎండ తగిలేకొద్దీ కొంచెం కొంచెంగా జారుకుంటుంది. చీకట్లో ఉంచితే మాత్రం ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు. నూరమ్మ మొదటి సీసా నుంచీ వేరెరుపు అని చెప్పి పురుగుల ఎరుపే ఇస్తోంది.

ఎందుకంటే ఆ ఎరుపుతో చిత్రకారుడు వేస్తున్న బొమ్మ పూలదొరది.

పూలదొరకు గుడ్డపూల ఫ్యాక్టరీ ఉంది. ఆడవాళ్ల టోపీలకు కుట్టుకునే పూలు, వాటికి ఆకులు. నూరమ్మ చెల్లెలు ఆకుల గదిలో పనిచేసింది. గుడ్డ ఆకులకు జిగురు పూసి, పైన పచ్చ పొడి అద్దడం పని. కళ్లు చెదిరే పచ్చ అది. ఎలుకలకు పెట్టే పాషాణంతో చేసిన పచ్చ. ఊరంతా దాన్నే గోడలకు పూసుకుంది, గౌన్లకు వేసుకుంది, అందంగా ఉందని మురిసిపోయింది. చెల్లెలికి ముందు గోళ్లు పచ్చబడ్డాయి. తర్వాత వేళ్ల మధ్య పుళ్లు లేచాయి. ఆఖరి రోజుల్లో కడుపులో ఏదీ నిలవక, మంచానికి అంటుకుపోయి, “అక్కా, నువ్వు కూడా పచ్చగా కనిపిస్తున్నావే” అంది. పాలిపోయిన ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

విచారణకు వచ్చినవాళ్ల ముందు పూలదొర ఒకటే మాట అన్నాడు. “చేతులు కడుక్కోకుండా తిని ఉంటుంది.” పైగా శవం మీద వేయమని ఒక పూలగుత్తి పంపించాడు. తన ఫ్యాక్టరీ గుత్తే. దాని ఆకులు చెల్లెలు అద్దిన ఆకులే. నూరమ్మ ఆనాడు ఏడవలేదు. గుత్తిని పొయ్యిలో పెట్టి, మంట ఎగిసినంతసేపూ పళ్లు కొరుకుతూ కూర్చుంది. అప్పట్నుంచీ ఆమె కడుపులో ఆ మంట ఆరలేదు.

ఎరుపును చిన్న సీసాలోకి ఎత్తి, మూత బిగించి బయల్దేరింది. మామూలుగా సరుకు ఇచ్చి వచ్చేది కొట్టాయనే. “ఇవాళ నేను వెళ్తానన్నా” అంటే, ఆయనకు మోకాళ్ల నొప్పి కాబట్టి సంతోషించాడు.

చిత్రకారుడి మేడ ఎక్కేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. పూలదొర కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చుని ఉన్నాడు, కోటు గుండీకి ఒక గుడ్డ ఆకు తగిలించుకుని. ఆమెను చూశాడు. గుర్తుపట్టలేదు. విచారణ రోజు ఆమె ఎదురుగానే నిలబడింది, అయినా గుర్తుపట్టలేదు.

చిత్రకారుడు కుంచెను కొత్త ఎరుపులో ముంచి బుగ్గల మీద పలచగా తిప్పాడు. బొమ్మలో పూలదొర ఇరవై ఏళ్లు చిన్నవాడై, ఇప్పుడే వేడి నీళ్లతో మొహం కడుక్కొచ్చినట్టు కళకళలాడాడు.

“బాగా వచ్చిందండీ,” అన్నాడు చిత్రకారుడు చేతులు తుడుచుకుంటూ. “ఒక్కటే మాట. ఎండ తగలని చోట పెట్టండి. ఏ రంగుకైనా అదే మంచిది.”

“మా లోపలి హాల్లో పెట్టిస్తా. అక్కడ ఎప్పుడూ తెరలు వేసే ఉంటాయి.”

నూరమ్మ గోడను వదిలి నిటారుగా నిలబడింది. తెరల వెనక, చీకట్లో ఆ ముఖం నిండు నూరేళ్లూ ఎర్రగా వెలుగుతుంది. ఇన్నాళ్ల పగా బూడిదలో పోసినట్టే.

“ఆ ఆకు మీ ఫ్యాక్టరీదేనా అయ్యా?” అంది.

పూలదొర మురిసిపోయాడు. “మాదే. ఎన్నేళ్లయినా వాడదు.”

“తెలుసయ్యా.” ఆమె దగ్గు మింగి ఒక అడుగు ముందుకు వేసింది. “అంత మంచి బొమ్మను చీకట్లో దాస్తారా? చీకట్లో ఎవరి మొహమైనా ఒకటే. మీ ఫ్యాక్టరీ మెట్ల దగ్గర పెద్ద కిటికీలు ఉన్నాయట కదా. వాటికి ఎదురుగా పెడితే, పనిలోకొచ్చే ప్రతివాళ్లూ తలెత్తి చూస్తారు.”

“వద్దండీ, ఎండ...” అని చిత్రకారుడు నసిగాడు.

“రంగు నూరింది నేనయ్యా. దాని పూచీ నాది.”

చిత్రకారుడు చెడ్డవాడు కాదు. ఆయన పేరు పాడవుతుందే అని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. పాడవనీ అనుకుంది. పూలదొర మాత్రం తన బొమ్మలోంచి చూపు తిప్పలేదు. “విన్నారా? నూరినామే చెప్తోంది. మెట్ల దగ్గరే పెట్టిస్తాను.”

నూరమ్మ కొట్టుకు తిరిగొచ్చి పలక కడిగింది. పొత్రం కడిగింది. గోళ్ల సందుల్లోని ఎరుపును మాత్రం కడుక్కోలేదు. గోడకు చేరగిలబడి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తనలో తాను చిన్నగా నవ్వుకుంది. కొట్టాయన ఎవరికో శవాల గోధుమరంగు కథ చెబుతూ, “అవునా నూరమ్మా?” అని కేకేశాడు. బదులు రాలేదు. నిద్రపోయిందనుకుని కథ పూర్తిచేశాడు. వెళ్లి తట్టేసరికి ఆమె చెయ్యి పలకంత చల్లగా ఉంది.

బొమ్మను కిటికీలకు ఎదురుగానే పెట్టారు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి పెదవులు పోయాయి. తర్వాత బుగ్గలు. పూలదొర దుమ్ము అనుకుని తుడిపించాడు, తుడిచినవాళ్లను తిట్టాడు, ఆఖరికి కొట్టాయనను పిలిపించాడు. కొట్టాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పాలిపోయిన ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. ఏ ఎరుపో ఆయనకు అర్థమైంది. అప్పుడే బొమ్మలో కోటు మీది ఆకు కూడా కంటపడి, నూరమ్మ చెల్లెలు గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆయన కథ చెప్పలేదు.

“పూచీ పడ్డ మనిషి ఏది?” అని పూలదొర అరిచాడు.

“ఆవిడ పోయిందయ్యా.”

బొమ్మను దింపమని పూలదొర ఆ పూటే చెప్పాడు. దింపేలోపు ఆకుల గది వాళ్లు పని వదిలి, పచ్చ గోళ్ల చేతులతో కమ్మీ పట్టుకుని మెట్లు దిగారు. వాళ్లలో ఒకామె ఆగి తలెత్తింది.

“చూశావా వదినా,” అంది పక్కనామెతో, “అయ్యగారికీ మన జబ్బే వచ్చింది.”

నెత్తురు చుక్క లేని ఆ ముఖం కింద, కోటు గుండీ దగ్గర, ఆకు మాత్రం నిన్ననే అద్దినంత పచ్చగా ఉంది.