గట్టిమేళానికి సరిపడా ఊపిరి

ముహూర్తం ఇంకో అరగంట ఉందనగా లోవరాజు ఊపిరి డిశ్చార్జ్ అయిపోతుంది. సన్నాయి ఊదితే అందులోంచి రెండు చీమలు బయటికొచ్చి, తలలు అడ్డంగా ఊపి, మళ్ళీ లోపలికి పోతాయి.

అతను మాత్రం గోడ గడియారం వంక చూస్తాడు. ముప్పై ఏళ్ళలో ఈ ఊళ్ళో అతని గట్టిమేళం లేకుండా ఒక్క తాళికీ ముడి పడలేదు.

మైక్‌సెట్ తాతాజీ కొత్త స్మార్ట్ చార్జర్ పట్టుకొస్తాడు. బ్యాటరీ ఆరోగ్యం కనిపెట్టి చెప్పే రకం. ఎర్ర క్లిప్పు లోవరాజు కుడి చెవికి, నల్ల క్లిప్పు ఎడమ చెవికి తగిలిస్తాడు. తెర మీద అక్షరాలు వెలుగుతాయి: ‘బ్యాటరీ లేదు.’

“ఎదురుగా కూచుంటే లేనంటాదేంట్రా?”

“మరీ అడుగంటిపోతే గుర్తుపట్టదు బాబాయ్. పక్కన మంచిదాన్ని కలిపితే, అదే నువ్వనుకుని ఎక్కించేత్తాది. షాపులో రోజూ చేసే మోసమే.”

డోలు వాయించే బావమరిది అబ్బులు వచ్చి అతని భుజం పట్టుకుంటాడు. “మొత్తం లాగెయ్యకు బావా. సాయంత్రం ఇంకో పెళ్ళుంది.”

‘ఆరోగ్యం నాలుగు శాతం. చాలదు.’

అబ్బులు రెండో చెయ్యి పెళ్ళికూతురి తండ్రి పట్టుకుంటాడు. ఆయన చెయ్యి వంటమేస్త్రి, ఆయన చెయ్యి పురోహితుడు. వరస పెరిగే కొద్దీ హాలు కూడా మర్యాదగా పొడవవుతుంది. పెళ్ళికొడుకు మేనత్త చెయ్యి కలపగానే అంకె రెండు తగ్గుతుంది.

“ఆవిడ పీల్చేత్తన్నారండి!” అంటాడు తాతాజీ.

“పెళ్ళిచూపుల కాణ్ణించీ అంతేనండి, ఆయ్,” అంటాడు పెళ్ళికూతురి తండ్రి.

ఆవిణ్ణి వరస చివరికి పంపిస్తారు. నాలుగొందల మందీ కలిశాక తెర మీద ఎనభై కనిపిస్తుంది.

“గట్టిమేళం! గట్టిమేళం!” పురోహితుడు అరుస్తాడు. తాళి కట్టడానికి పెళ్ళికొడుకు చేతులు ఖాళీ లేవు. అవీ వరసలోనే ఉన్నాయి.

లోవరాజు ఊదుతాడు. స్వరం పసుపుతాడులా బయటికొచ్చి, పీటల మీదున్న తాళిబొట్టును గుచ్చుకుని, పెళ్ళికూతురి మెడ చుట్టూ తిరిగి, తీరిగ్గా మూడు ముళ్ళు వేసుకుంటుంది. డోలు తనంతట తనే మోగుతుంది. పళ్ళెంలోంచి అక్షింతలు పైకి లేచి, కింద పడడం మర్చిపోయి, అందరి తలల మీదా గింజ గింజగా మెరుస్తూ నిలబడతాయి. నాలుగొందల మంది తలెత్తి చూస్తారు.

“బాగుంది,” అంటుంది మేనత్త. ఆవిడ నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

‘నూరు శాతం. క్లిప్పులు తీయవచ్చు.’

ఎవరూ చెయ్యి వదలరు. అప్పుడు తెర మీద ఇంకో వాక్యం వస్తుంది: ‘బయట ఒక బ్యాటరీ వేచి ఉంది.’

గుమ్మంలో గోదారి కాలువ నిలువునా నిలబడి ఉంది. తల నిండా గుర్రపుడెక్క పూలు. తడిచెయ్యి చాపుతుంది. మేనత్త చీర సర్దుకుని ఆ చెయ్యి పట్టుకుంటుంది.

లోవరాజు ఊపిరి పీల్చడం మొదలుపెడతాడు. బయట పడవలు ఒక్కొక్కటే మెల్లగా బురద మీద కూర్చుంటాయి. అతను పీలుస్తూనే ఉంటాడు. సన్నాయి ఏడు రంధ్రాల్లోంచి ఏడు చేపలు తలలు బయటపెట్టి, ఇక మేళం అందుకోమన్నట్టు అతని వైపే చూస్తుంటాయి.