తెల్లకారుకు సరిపోయే జాకీ

వీధిలో అందరూ ఆయన్ని తూనికలాయన అనేవారు. తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. కాటా ముల్లు వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా ఊరుకునే మనిషి కాదు. ఆ చాదస్తం ఆఫీసులోనే వదిలేసి వస్తే ఇంట్లోవాళ్ళు సుఖపడేవారు, కానీ పింఛనుతోపాటు అదీ ఇంటికొచ్చింది. సొంత కారు మీద బయటి మెకానిక్కు చెయ్యి పడనిచ్చేవాడు కాదు. "వాళ్ళు బోల్టు బిగించరు, బిగించినట్టు నటిస్తారు" అనేవాడు. ఆయిలు మార్చడం దగ్గర్నుంచి బ్రేకుల దాకా అన్నీ ఇంటి పక్క రేకుల షెడ్డులో స్వయంగా చేసుకోవాల్సిందే. ఆయన భార్య ఈ మాటలు విని విని, సగం మెకానిక్కు అయి కూర్చుంది.

అలాంటి మనిషికి మతిమరుపు జబ్బు వచ్చింది. డాక్టరు దానికి నోరు తిరగని పేరేదో చెప్పాడు. పేరు ఏదైతేనేం, అది చేసే పని ఒక్కటే, మనిషిని కొంచెం కొంచెంగా కొరుక్కుతింటుంది. ఆ కబురు విన్న రోజే ఆయన కారు తాళాలు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. నడపడం నీ వంతు, మరమ్మతు నా వంతు అన్నాడు. చేతులకు అలవాటైన పని మానిపించొద్దని డాక్టరు కూడా చెప్పడంతో ఆవిడ సరేనంది.

జాకీ కారును లేపడానికే తప్ప మోయడానికి కాదు. లేపగానే కింద ఇనప స్టాండ్లు పెట్టాలి, కారును వాటి మీదికి దించాలి, భుజంతో ఒకసారి తోసి చూడాలి, ఆ తర్వాతే మనిషి కిందికి దూరాలి. ఈ వరస ఆయన ఆవిడకు కంఠతా పట్టించాడు. ఒక ఉదయం ఆవిడ కాఫీ తీసుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి, కారు కిందనుంచి ఆయన కాళ్ళు రెండూ కనిపించాయి. స్టాండ్లు గోడకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. కారును ఎత్తిపట్టాల్సిన నూనె కారిపోయి, పాత చక్రాల జాకీ చుట్టూ మడుగు కట్టింది.

ఆవిడ గట్టిగా అరవలేదు. అరిస్తే ఆయన ఉలిక్కిపడి దేన్ని తంతాడో ఏమో.

"ఏవండీ, అమ్మాయి ఫోన్ చేసింది. మీతో ఒక్క మాట మాట్లాడాలంట" అంది, మామూలు గొంతుతో.

ఆయన సణుక్కుంటూ బయటికి పాకి, లేచి, చేతులు తుడుచుకుంటూ నాలుగడుగులు వేశాడో లేదో, వెనకాల కారు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి కిందికి దిగిపోయింది. ఆయిలు పట్టడానికి పెట్టిన రేకు పళ్ళెం దాని కింద చదునుగా అణిగిపోయింది. ఆ పళ్ళెం పక్కనే నిమిషం కిందటి దాకా ఆయన ఛాతీ ఉంది.

ఆయన స్టాండ్లకేసి చూశాడు, కారుకేసి చూశాడు. "ఫోనేదీ?" అన్నాడు.

"ఫోనూ లేదు, ఏమీ లేదు. మిమ్మల్ని బయటికి రప్పించడానికి అన్నాను."

ఆయన అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఈసారికి మంచిపని చేశావు. ఇంకెప్పుడూ చెయ్యకు. నేను పొరపాటు పడితే మొహం మీదే చెప్పు, నలుగురిలో ఉన్నా సరే చెప్పు. నా బుర్రలో ఏది నిజమో నాకే తెలియట్లేదు. నీ మాట పట్టుకుని నడుస్తున్నాను. నాకు ఊఁ కొట్టకు" అన్నాడు. ఆవిడ కొట్టనంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

ఊఁ కొట్టే వాళ్ళకేం, చుట్టూ బోలెడుమంది ఉన్నారు. పక్కింటివాళ్ళు కొడతారు, మందులషాపు అతను కొడతాడు, అందరికంటే బాగా కొట్టేది వేరే ఊళ్ళో ఉన్న కూతురు. నాన్న ఫోనులో ఏమడిగినా, ఆఫీసు పని చేసుకుంటూనే "ఆఁ నాన్నా, అలాగే నాన్నా" అంటుంది. జాకీ సంగతి విన్నాక తల్లికి ఉపాయం కూడా చెప్పింది.

"పాడైపోయిందిగా, పీడా పోయింది. మళ్ళీ కొనకు. అడిగితే రేపు కొందామని చెప్పు. రేపటికి ఆయనకి గుర్తుండదు."

"మీ నాన్నతో అలా ఆడుకోను" అంది ఆవిడ, కొంచెం కటువుగానే.

పైగా ఆయన మరిచిపోతేగా. పొద్దున తిన్నది సాయంత్రానికి మరిచిపోయే మనిషికి జాకీ మాత్రం మేకు కొట్టినట్టు గుర్తుండిపోయింది. లేవగానే జాకీ, అన్నం ముందు జాకీ. కారు ఆయిలు సగం కారిపోయి షెడ్డులో కదలకుండా పడి ఉంది. చివరికి ఆవిడ టాక్సీ పిలిచి ఆయన్ని పనిముట్ల షాపుకి తీసుకెళ్ళింది. నిజాయితీగా కొనిపెడదామనే వెళ్ళింది. స్టాండ్లు పెట్టేటప్పుడు తను పక్కన నిలబడి చూడాలని, తను చూడకుండా షెడ్డు తాళం తీయకూడదని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

షాపులో ఆయన్ని చూస్తే జబ్బు మనిషంటే ఎవరూ నమ్మరు. షాపు యజమాని ముందుగా ఎర్రరంగు వేసిన బుల్లి జాకీ ఒకటి తెచ్చి పెట్టాడు.

"ఇది బొమ్మ. పిల్లలకి అమ్ముకో" అన్నాడు ఆయన.

యజమాని నవ్వేసి వరసగా నాలుగైదు దించాడు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా లాక్కుని కింద కూర్చున్నాడు. ఒక్కోదాన్ని గచ్చు మీద దొర్లించి చక్రాల చప్పుడు విన్నాడు. హ్యాండిల్ ఎంత పొడుగుంటే చేతికి అంత సుఖమని చెప్పాడు. కారు మొత్తం బరువు జాకీ మీద పడదని, అయినా రాసిన బరువులో సగం మాత్రమే నమ్మాలని చెప్పాడు. అంతటితో ఆగలేదు. సరుకు దించడానికి వచ్చిన చిన్న ట్రక్కు ఒకటి షాపు ముందుంటే, దాని వెనక భాగం లేపించాడు. ఒక కర్రను నేలమీద నిలబెట్టి, బంపరు అంచు ఎత్తుకు సరిగ్గా కర్ర మీద సుద్దముక్కతో గీత గీశాడు.

"ఇప్పుడు కబుర్లు చెప్పుకుందాం. బంపరు గీత కిందికి దిగితే జాకీలో నూనె నిలవట్లేదని లెక్క" అన్నాడు.

ట్రక్కు డ్రైవరు విసుక్కున్నాడు గాని యజమానికి ముచ్చటేసింది. ఒక జాకీ మీద బంపరు గీత కిందికి జారింది. ఇంకో జాకీ మీద అలాగే నిలబడింది. భార్య దుకాణం మెట్టు మీద నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆవిడకు గర్వంగా ఉంది. ఈ మనిషికా నేను కాపలా కాయాల్సింది అని దుఃఖం కూడా వచ్చింది.

"ఇందులో రెండు రకాలున్నాయి సార్" అన్నాడు యజమాని. "ఇది పొట్టిది, కిందికి ఉండే కార్లకి. ఇది ఎత్తుది. మీ కారేది?"

"తెల్లది" అన్నాడు ఆయన తడుముకోకుండా. "పెద్ద బండి. కింద జానెడు పైనే ఖాళీ ఉంటుంది. ముందు చక్రాల వెనక దూలంలాంటి ఇనప పట్టీ ఒకటుంటుంది, అక్కడ పెడతాను. ఎడమవైపు పట్టీకి చిన్న సొట్ట ఉందిలే, రాయి తగిలి."

ఆ సొట్ట కూడా నిజమే. కాకపోతే ఆ తెల్లకారును కూతురు కాలేజీలో ఉండగానే అమ్మేశారు. ఇప్పుడు షెడ్డులో ఉన్నది బూడిదరంగు కారు, నేలకి ఆనుకుని పోయే రకం. దాని కిందికి పొట్టి జాకీ తప్ప ఇంకోటి దూరదు.

"అయితే ఎత్తుదే సార్" అన్నాడు యజమాని.

ఆవిడ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోనే మాట ఆగిపోయింది. ఎత్తు జాకీ కారు కిందికి దూరదు. జాకీ దూరకపోతే కారు లేవదు. కారు లేవకపోతే ఆయన దాని కిందికి వెళ్ళడు. గొడవ పడక్కర్లేదు, తాళాలు దాచక్కర్లేదు, ఆయన మనసు నొప్పించక్కర్లేదు. ఇన్నాళ్ళూ వెతికిన దారి ఎదురుగా వచ్చి నిలబడింది. పైగా దాన్ని ఆయనే తెచ్చాడు. తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే.

ఆయన తల తిప్పి ఆవిడ వంక చూశాడు. "ఏమంటావు? సరిపోతుందంటావా?"

ఈ మధ్య ఆయన ప్రతిదానికీ ఇలాగే అడుగుతున్నాడు.

"మీకు తెలియందేముంది. బాగుంది, తీసుకోండి" అందావిడ.

టాక్సీలో ఆయన జాకీ పెట్టెమీద చెయ్యి వేసుకుని కూనిరాగం తీశాడు. ఆవిడకు గుండెల మీద బరువు దిగినట్టయింది. సిగ్గు కూడా వేసింది, కానీ బరువు దిగిన హాయి ముందు ఆ సిగ్గు నిలవలేదు. దూరకపోతే రెండు మూడు సార్లు కుస్తీ పట్టి, విసుగెత్తి, మెకానిక్కునే పిలవమంటాడని అనుకుంది. అన్నేళ్ళు కాపురం చేసి కూడా ఆవిడ పప్పులో కాలేసింది. కొలతలతో బతికిన మనిషి కుస్తీ పట్టడు, కొలుస్తాడు.

షెడ్డులో ఆయన జాకీని కారు పక్కకి దొర్లించాడు. తల భాగం కారు అంచుకి టక్కున తగిలి ఆగింది. వెనక్కి లాగి ఇంకోచోట తోశాడు. అక్కడా తగిలింది. ఆయన విసుక్కోలేదు. గోడకున్న స్టీలు స్కేలు తీసుకుని, బోర్లా పడుకుని, కారు కింద ఖాళీ కొలిచాడు. తర్వాత జాకీ ఎత్తు కొలిచాడు. లేచి కూర్చుని కారు తలుపు మీద చెయ్యి ఆనించి, ఆ రంగునే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది తెల్లకారు కాదు" అన్నాడు.

"కాదండీ."

"తెల్లది ఏమైంది?"

"అమ్మేశాం. అమ్మాయి కాలేజీలో ఉన్నప్పుడు."

ఆయన తలూపాడు. "షాపులో నాకు గుర్తులేదు."

"లేదు."

"నీకు?"

అక్కడ ఇంకో అబద్ధం చెబితే సరిపోయేది. కార్ల సంగతి నాకేం తెలుసండీ అంటే ఆయన నమ్మేవాడే. కానీ ఆయన ఆ ప్రశ్న అడిగిన తీరుకి ఆవిడకు అబద్ధం నోట రాలేదు.

"గుర్తుంది" అంది. "ఆ పళ్ళెం నా కళ్ళముందు నుంచి పోవట్లేదండీ. మీరు దాని కింద నలిగిపోతారని భయం. దూరకపోతే మానేస్తారని ఊరుకున్నాను."

"భయమని చెప్పొచ్చుగా. జాకీ కొననని మొండికేసి ఉంటే తిట్టేవాణ్ణి. తిట్టి ఊరుకునేవాణ్ణి." గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా ఆవిడకు బాగుండేది. "నిన్ను అడిగాను కదే. సరిపోతుందా అని నిన్నే అడిగాను."

"తప్పయిపోయింది."

"తప్పు కాదులే. నా మంచికే చేశావు. కానీ ఇప్పుడు నువ్వు ఏది చెప్పినా, నిజం చెబుతున్నావో నా మంచికి చెబుతున్నావో నాకెలా తెలుస్తుంది?"

ఆయన ప్యాంటు దులుపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆవిడ పిలిపించిన మెకానిక్కు వచ్చి ఆయిలు పోసి వెళితే, అతను ఏ బోల్టు ఎలా బిగించాడో చూడడానికి కూడా ఆయన బయటికి రాలేదు.

జాకీలాగే ఇదీ ఆయనకి గుర్తుండిపోయింది. ఆయన భోజనం మానలేదు, మాట్లాడ్డం మానలేదు. ఆవిడను అడగడం ఒక్కటే మానేశాడు. ఇవాళ ఏ వారమో తెలియకపోతే గేటు దగ్గర నిలబడి దారిన పోయేవాళ్ళను అడుగుతున్నాడు. ఆవిడే ముందుగా ఏదైనా చెబితే మర్యాదగా వింటున్నాడు. విన్నాక ఇంకెవరినైనా అడుగుతున్నాడు. ఈ ఇల్లు మాదే కదా అని పక్కింటావిడను అడగడం విన్నప్పుడు, భార్య వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ జబ్బు మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆయన, రోజూ పొద్దున ఒక్కసారే వేసుకోవాల్సిన సుగరు మాత్రను అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"అది వేసుకున్నారండీ. పొద్దున నేనే ఇచ్చాను. మళ్ళీ వేసుకోకూడదు, సుగరు పడిపోతుంది" అందావిడ.

ఆయన సరేనన్నట్టు తల ఊపి ఫోను తీశాడు. కూతురికి కలిపాడు. "నేను మాత్ర వేసుకున్నానని మీ అమ్మ అంటోంది. నాకు గుర్తులేదు. మాత్ర వేసుకోవాలా అమ్మా?"

అటువైపు ఎవరో ఏదో మాట్లాడుతున్నారు. కూతురు వాళ్ళకి జవాబు చెప్పి, ఇటు తిరిగి, "ఆఁ నాన్నా, వేసుకోండి. మందులు మానకూడదు" అంది.

"ఒసేయ్, వద్దని చెప్పు, వేసుకున్నారు" అంటూ ఆవిడ ఫోను లాక్కునేసరికి అది కట్ అయిపోయింది. ఇటు తిరిగేసరికి మాత్ర ఆయన నోట్లో ఉంది. "ఉమ్మేయండి, మీ కాళ్ళు పట్టుకుంటాను" అని గడ్డం కింద చెయ్యి పెట్టింది. ఆయన ఆవిడ మొహంలోకి నిదానంగా చూసి మింగేశాడు.

ఆవిడ డాక్టరుకి ఫోన్ చేసింది. చెమటలు పడితే ఆలస్యం చెయ్యకుండా పంచదార నీళ్ళు పట్టించమని, తను బయల్దేరుతున్నానని డాక్టరు చెప్పాడు. గ్లాసుతో ఆయన ఎదురుగా కూర్చుంది. కాసేపటికి ఆయన నుదురు తడిసింది, వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఆవిడ గ్లాసు పెదాలకు ఆనించింది.

"ఏమిటిది?" అన్నాడు.

"పంచదార నీళ్ళండీ. ఒట్టు, పంచదార నీళ్ళే. తాగండి."

ఆయన వణుకుతున్న చేత్తోనే గ్లాసును మెల్లగా పక్కకి జరిపి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.