సంచి మూతి కుట్టు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో చీరల దుకాణం నడుపుతున్న రామచంద్రానికి ఒక అలవాటుంది. ఏ చీర తీసినా మొదట వెనక వైపే తిప్పి చూపిస్తాడు. పోచంపల్లి మగ్గం మీద దిగిన రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మిషన్ మీద అచ్చొత్తిన నకిలీ చీర తిరగేయగానే వెలవెలబోతుంది. "ముఖం చూసి కొన్నోళ్లు ఒక్కసారే వస్తరు, వీపు చూసి కొన్నోళ్లు మల్లమల్ల వస్తరు" అంటాడు. ఊరు విడిచి వచ్చిన నేతగాడు బజారులో నిలదొక్కుకున్నది ఆ ఒక్క మాట మీదే.

ఆ ఉదయం పెళ్లి చీరల బేరం సాగుతుండగా పూలమ్మ వచ్చింది. చౌటుప్పల్ అవతలి పల్లెలో నువ్వులు పండించే రైతు. ఎప్పుడొచ్చినా "అన్నా, చాయ్ తాపియ్యవా?" అంటూ లోపలికి వచ్చే మనిషి ఇవాళ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏంది చెల్లె, గాడనే నిలవడ్డవ్?"

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు అన్నా. నా చేన్ల మందు కొట్టిన్నని నువ్వు గూడ అనుకుంటున్నవా?"

రామచంద్రం చేతిలోని చీరను పక్కన పెట్టి లేచాడు.

కొన్నేళ్ల కిందట అతని కొడుకు నరేష్‌కుమార్ ఎల్బీనగర్‌లో గోదాము కిరాయికి తీసుకుని, మందుల్లేని నువ్వులను విదేశానికి పంపే వ్యాపారం పెట్టాడు. పూలమ్మ ఊరి రైతులను ఒప్పించింది మాత్రం రామచంద్రమే. "నా కొడుకు, నా పూచీ" అన్నాడు. ఆ మాట నమ్మి వాళ్లు మందులు మానేశారు. మొదటి పంటలను పురుగు తినేసినా ఓర్చుకున్నారు. సేంద్రియ ధ్రువపత్రం రైతుల గుంపంతటికీ ఒక్కటే కనుక ఒకరి చేనును ఒకరు కాపలా కాశారు. ఒక్కరు తప్పు చేసినా పత్రం అందరికీ పోతుంది.

మొదట్లో ఆ దేశపు తనిఖీదార్లే వచ్చి చేలూ గోదామూ చూసి వెళ్లేవారు. తర్వాత రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. మన తనిఖీ అక్కడ, వాళ్ల తనిఖీ ఇక్కడ చెల్లుతుందన్నాయి. ఆ రోజు రామచంద్రం సందంతా మిఠాయి పంచాడు.

ఇప్పుడు అక్కడి రేవులో పరీక్షిస్తే నరేష్ పంపిన నువ్వుల్లో పురుగుమందు తేలింది. పత్రం ఆపేశారు. ఊళ్లో వేళ్లన్నీ పూలమ్మ వైపు తిరిగాయి. ఆమె చేను పక్కనే మందు కొట్టే పత్తి చేను ఉండటమే ఆమె చేసిన నేరం. గుంపు పెద్ద బిక్షమయ్య ఆమెను మీటింగుకు రానివ్వలేదు. ఒకరికొకరు చేసుకునే బదులు పనికి ఆమె చేలోకి ఎవరూ అడుగుపెట్టడం లేదు.

"పా చెల్లె, గోదాముకు పోయి నరేష్‌నే అడుగుదం" అంటూ రామచంద్రం చెప్పులు వేసుకున్నాడు.

గోదాములో సంచుల మీద ఆకుపచ్చ ముద్రలు మెరుస్తున్నాయి. వాటి మూతులు ఎర్ర, నీలి నూలు పోగులతో కుట్టి ఉన్నాయి. మగ్గాల దగ్గర మిగిలిన ఆ రంగు నూలును రైతులకు ఏటా పంపేది రామచంద్రమే. మంచి సరుకుకు ప్లాస్టిక్ దారం ఎందుకన్నది అతని పట్టు.

అలవాటు ఊరుకోదు కదా. చీరను తిప్పినట్టే అతను వరుస వెనక్కి వెళ్లాడు. అక్కడా అదే ముద్ర. కుట్టు మాత్రం తెల్ల ప్లాస్టిక్ దారంది.

"ఇవి ఎవలి సంచులురా?"

పక్కనే ఫోన్ చూస్తున్న నరేష్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. "బజారు సరుకు నాయినా. ఆర్డర్ పెద్దది, వీళ్ల పంట సరిపోలె. జరంత కలిపిన."

"తనిఖీ?"

"ఒప్పందం అయినంక ఆళ్లు ఈడికి వస్తలేరు గద. మనోళ్లు ఏడాదికొకసారి వస్తరు, ముందట వరుస చూసి పోతరు. ముద్ర ఉంటే చాలు."

"మరి పూలమ్మ మీద నింద వడ్డప్పుడు నీ నోరేమైంది?"

"ఒక్కల మీద వడితే మిగిలినోళ్లు బతుకుతరనుకున్న. ఆమెను గుంపులకెల్లి తీసేసినమని రాస్తే పత్రం మల్ల ఇస్తరు." పూలమ్మ అక్కడే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "నాయినా, జర సప్పుడు చెయ్యకు. నా పేరు పోతే నీ పేరు నిలుస్తదా?"

రామచంద్రం లెక్క వేసుకున్నాడు. ఒక వైపు కొడుకు. ఇంకో వైపు తన మాట నమ్మిన ఊరు. ఏది చూసుకున్నా నష్టమే. కానీ నిజం చెబితే నష్టం తనది, చెప్పకపోతే అది పూలమ్మ నెత్తిన మోపేది. ఫోన్ తీసి బిక్షమయ్యకు కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"బిక్షమయ్యా, మందు పూలమ్మ చేన్ల లేదు. నా కొడుకు గోదాముల ఉన్నది. తనిఖీ ఆఫీసుకు నేనే పోయి చెప్త."

"నీ మొఖం చూసి పంట ఇచ్చినం సేటు" అని బిక్షమయ్య ఫోన్ పెట్టేశాడు.

పూలమ్మ తన చేతిసంచీలోంచి రంగు నూలు చుట్ట తీసింది. వచ్చే పంటకని మొన్న రామచంద్రమే పంపిన నూలు. దాన్ని తెల్ల దారంతో కుట్టిన సంచి మీద పెట్టింది.

"నీ కొడుకును నేనెన్నడు నమ్మలె అన్నా. నిన్ను నమ్మిన."

ఆమె వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయింది. రామచంద్రం కొడుకు వైపు తిరిగి ఒక్కటే అన్నాడు: "చీర వీపు చూసుకుంట బతికిన, నా ఇంట్ల వీపు చూడలేకపోయిన."

ఒక దేశం ముద్రను మరో దేశం నమ్మిందంటే తనిఖీ భారం తగ్గినట్టు కాదు, అది మన గడప దగ్గరికే వచ్చినట్టు. ఎవరూ చూడరని కలిపిన గుప్పెడు గింజలైనా, చూడకుండా నమ్మిన ప్రతి మనిషికీ చేసిన ద్రోహమే.