ప్రాంప్టరు మౌనం

నలభై ఏళ్ళ క్రితం అలెగ్జాండ్రియాలో మేము రికార్డు చేసిన నాటకంలోని ఒక భాగం ఈ రంజాను మాసంలో సబ్బు ప్రకటనగా టీవీకెక్కింది. అందులో బట్టలుతికే ఆవిడ వేషం వేసిన బహీగా, చనిపోయిన తల్లి చేతులను తలుచుకుని ఏడు నిమిషాలు మాట్లాడుతుంది. ఆ తల్లి బహీగా కన్నతల్లే. ఆ చేతులు సబ్బు అమ్మకూడదన్నదొక్కటే ఆమె కోరిక.

నాటక కంపెనీ లాయరు ఒప్పుకోలేదు. రచన మీద హక్కు కంపెనీదనీ, ఆమె పలికింది ఆ రచననేననీ ఆయన వాదన. అసలు రచనలో ఏముందో చూపగల, సెన్సారు ముద్ర పడిన రాతప్రతి ఏనాడో పోయింది.

"ఆ మాటలు నావేనని ఊరంతా ఎరుగును, ఇంజనీరూ," అంది బహీగా, మా వరండాలో టీ చల్లార్చుకుంటూ.

"ఊరు ఎరిగినంత మాత్రాన ఋజువైపోదమ్మా."

"ప్రాణం తీసుకుపోయే దేవదూత వచ్చినా గుర్తింపు కార్డు అడిగే రకం నువ్వు."

అయినా బీరువాలోంచి అసలు టేపు తీశాను. ఆనాటి మా నటులు పాఠం పూర్తిగా కంఠస్థం చేసేవారు కారు. వేదిక ముందు గూటిలో కూర్చున్న ప్రాంప్టరు షుక్రీ బాబాయి గుసగుసగా అందిస్తే, అదే మాట గొంతెత్తి పలికేవారు. ప్రసారానికి ఇచ్చేముందు ఆ గుసగుసను తొలగించడం సౌండు ఇంజనీరుగా నా పని. అసలు టేపులో మాత్రం అది అలాగే ఉంది.

లాయరు గదిలో అందరం విన్నాం. ప్రతి మాటకూ ముందు షుక్రీ బాబాయి, వెనుక నటులు. బహీగా తల్లి ప్రస్తావన ఎత్తగానే గుసగుస ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు, ఎవరిదో దగ్గు, ఆమె గొంతు, అంతే.

ఆ ఒక్క ఘట్టం ఆమె కంఠస్థం చేసి ఉండవచ్చు కదా అన్నాడు లాయరు. సబబైన సందేహమే, నాకూ అదే తోచింది. ఏడో నిమిషంలో గూటిలోంచి వినిపించింది:

"చాలు తల్లీ. ఇదేదీ పుస్తకంలో లేదు. మళ్ళీ పాఠంలోకి వచ్చెయ్."

లాయరు ఆ ముక్కను రెండోసారి వేయించుకుని విన్నాడు. ప్రకటన ఆపిస్తానని కాగితం మీద రాసి సంతకం చేశాడు.

"అప్పుడు వినపడలేదు బాబాయ్," అంది బహీగా టేపుతో.

నేను యంత్రం ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మళ్ళీ గుసగుస మొదలైంది, వెంటనే ఆమె పడుచు గొంతు. ఇప్పుడు మాటలు రచయితవి.